ఇంద్రియములు – జీవుల లోకములు

దిండిగల్ కొండకోట నీడలో ఒక తెలుగు వర్తకుని ఇల్లున్నదనుకొందము. తెల్లవారుచున్నది. ఇల్లాలు వాకిట నీళ్లు చల్లి బియ్యపు పిండితో ముగ్గు పెట్టినది. చిన్నపిల్ల దానిని చూచి "తామరపువ్వు" అన్నది. ఆ పిండిని మోసికొనిపోవ వచ్చిన చీమకు అచ్చట తామరపువ్వు లేదు. తోటి చీమ విడిచిపోయిన వాసనదారి మాత్రమే కలదు. అరుగుమీది పిల్లికి ముగ్గుతో పనిలేదు. గోడప్రక్క ఎలుక కదలిన చిరుసవ్వడి చాలును. పెరటిలోని ఆవు తల త్రిప్పకయే వెనుకప్రక్కగా వచ్చు మనిషిని కనిపెట్టినది. పాత మండువా చూరున చేరిన గబ్బిలము తెల్లవారకముందే చీకటిలో తన చోటు వెదకికొని వ్రేలాడినది. ఇల్లొకటే, వాకిలి యొకటే. ఐనను ఆ జీవులు ఎవరి లోకములో వారున్నారు.

వీనిలో ఏది నిజమైన వాకిలి? ఈ ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే పుట్టినది కాదు. జీవులను బాధింపరాదని వ్రతము పట్టినవానికి, ఏ జీవికి ఏది తెలియును, దేనివలన బాధ కలుగును అను సంగతి తెలియవలెను గదా. సరకు తెలియనివాడు బేరము చేయరాదు. జీవుల సంగతి తెలియనివాడు జీవదయను పాటించుట కష్టము.

ఐదు ఇంద్రియములు, పది ప్రాణములు

దిగంబరులు ఉమాస్వామి యనియు, శ్వేతాంబరులు ఉమాస్వాతి యనియు పిలుచు ఆచార్యుని తత్త్వార్థసూత్రము ఉభయ సంప్రదాయములకు ప్రమాణ గ్రంథము. దాని రెండవ అధ్యాయమున జీవులు ఇంద్రియముల సంఖ్యను బట్టి విభజింపబడినవి. స్పర్శ యొక్కటియే కలవి ఏకేంద్రియములు. చెట్టుచేమలు వీనిలోనివి. స్పర్శతో రుచియు తెలిసినవి ద్వీంద్రియములు: పురుగులు, జలగలు, శంఖములోని జీవులు. వీనికి వాసన చేరినచో త్రీంద్రియములు: చీమ, పేను, నల్లి, చెద. చూపును చేరినచో చతురింద్రియములు: తేనెటీగ, దోమ, ఈగ, తేలు. వినికిడి కూడ కలవి పంచేంద్రియములు: చేపలు, పక్షులు, పశువులు, మనుష్యులు.

ఈ లెక్క ఇంద్రియములతో ముగియలేదు. ప్రాణములు పదియని పెద్దలు చెప్పిరి. ఇంద్రియప్రాణములు ఐదు, మనోబలము, వాగ్బలము, కాయబలము అను బలములు మూడు, శ్వాసోచ్ఛ్వాసము ఒకటి, ఆయువు ఒకటి. చెట్టునకు స్పర్శ, కాయబలము, శ్వాస, ఆయువు కలసి నాలుగు. ద్వీంద్రియమునకు రుచియు వాక్కును చేరి ఆరు. త్రీంద్రియమునకు ఏడు, చతురింద్రియమునకు ఎనిమిది. మనస్సు లేని పంచేంద్రియమునకు తొమ్మిది, మనస్సు గలదానికి పది. హింస యనగా ఏమి? ఈ ప్రాణములను ప్రమాదవశమున, అనగా అజాగ్రత్తచే, వేరుచేయుటయే. కావున ఇంద్రియముల లెక్క జంతుశాస్త్రమునకై వ్రాసిన లెక్క కాదు. ఎవరివద్ద ఏమున్నది, మనము పోగొట్టగలిగినది ఎంత అని తెలుపు పద్దు అది.

తమిళ దేశమున ఇదే మాట

దిండిగల్, మదురై సీమలకు నాయకరాజుల కాలమున వచ్చి నిలిచిన తెలుగువారు ఈ విభాగమును తమిళమునందును చూడగలరు. తమిళుల ప్రాచీన లక్షణ గ్రంథమైన తొల్కాప్పియములో, మరబియల్ అను భాగమున, జీవులు ఒక అఱివు మొదలు ఆఱు అఱివుల వరకు విభజింపబడినవి. గడ్డికి, చెట్టునకు ఒకటి, నత్తకు, గుల్లలోని జీవికి రెండు, చెదకు, చీమకు మూడు, ఎండ్రకాయకు, తుమ్మెదకు నాలుగు, మృగములకు ఐదు, మనుష్యునకు ఆఱు. ఆరవది మనస్సు. స్పర్శతో మొదలై, రుచి, వాసన, చూపు, వినికిడి అను వరుస కూడ ఇదియే. ఈ పోలికను బట్టి ఆ గ్రంథకర్త జైనుడని కొందరు పండితులు తలచిరి, మరికొందరు ఒప్పుకొనలేదు. ఆ వాదమెట్లున్నను, ఈ విషయమిక్కడివారికి పరాయిది కాదని మాత్రము తేలుచున్నది.

ఈ నేలయు అట్టిదే. దిండిగల్ జిల్లాలో పళని సమీపమున ఐవర్ మలై కలదు. ఆ కొండ చరియపై తీర్థంకరుల ప్రతిమలు చెక్కబడియున్నవి. పాండ్యరాజైన రెండవ వరగుణుని కాలమున, శకవర్షము 792లో, అనగా క్రీ.శ. 870లో, శాంతివీర గురువు అచ్చట పార్శ్వనాథుని ప్రతిమను, యక్షీ ప్రతిమలను పునరుద్ధరించెనని శాసనము చెప్పుచున్నది. మదురైకి పడమర కీళకుయిల్‌కుడి గ్రామమువద్ద సమణర్ మలై, అనగా శ్రమణుల కొండ, కలదు. శ్రమణులు తపస్సు చేసిన ఆ కొండకును నేటి ఇంద్రియశాస్త్రమునకును ఒక సంబంధము కలదు.

వినికిడి: సమణర్ కొండ గబ్బిలములు

మనుష్యుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను ధ్వనిగా గ్రహించును. వయస్సు పెరిగినకొలది పైమెట్టు తగ్గిపోవును. కుక్క చెవి సుమారు 45,000 వరకు వినును. గబ్బిలము లక్షకు పైబడిన కంపనములతో కేకవేసి, ఆ కేక వస్తువులకు తగిలి మరలివచ్చు ప్రతిధ్వనిచే చీకటిలో దారి తెలిసికొనును. పదునెనిమిదవ శతాబ్ది చివర ఇటలీలో స్పలన్జానీ అను పండితుడు చూపు పోగొట్టిన గబ్బిలములు కూడ దేనికిని తగులక ఎగురుట చూచి ఆశ్చర్యపడెను. అట్టి పరీక్షలు జైన హృదయమునకు బాధాకరములే. అప్పటికి కారణము పూర్తిగా బోధపడలేదు. 1938లో అమెరికాలో డోనాల్డ్ గ్రిఫిన్ సూక్ష్మధ్వనులను పట్టు యంత్రముతో ఆ కేకలను కనిపెట్టెను. అంతవరకు గబ్బిలము మూగయై ఎగురుచున్నదని లోకము నమ్మినది. నిజమునకు అది రాత్రి పొడవునను కేకలు వేయుచునే యున్నది. మన చెవికి అవి అందలేదు, అంతే.

మదురై కామరాజ్ విశ్వవిద్యాలయములో ఎం. కె. చంద్రశేఖరన్, జి. మారిముత్తు మొదలగు శాస్త్రజ్ఞులు కీళకుయిల్‌కుడి సమణర్ కొండ గుహలోని గబ్బిలములను పరిశీలించిరి. గుహ లోపల పగలు, రాత్రి అను భేదము లేదు, అంతయు చీకటియే. అయినను గబ్బిలములు ప్రతిదినము సాయంకాలము వేళ తప్పక బయలుదేరును. ఆ వేళ వానికెట్లు తెలియును? 1978, 1981 సంవత్సరములలో ప్రకటింపబడిన వారి పరిశోధనల ఫలితమిది: గుహలో పంజరమున నుంచిన గబ్బిలము, బయటి వెలుగు చూడకున్నను, స్వేచ్ఛగా తిరుగు గుంపు రాకపోకలను బట్టి 24 గంటల క్రమమును నిలుపుకొన్నది. గుంపు లేని చీకటిచోట ఒంటరిగా నుంచిన గబ్బిలమునకు లోపలి గడియారము నడచినదిగాని, రోజురోజుకు బయటి కాలముతో తప్పిపోయినది. తోటి జీవుల అలికిడియే దానికి సూర్యోదయము, సూర్యాస్తమయము.

అదే మారిముత్తు, జర్మనీ దేశపు నాయ్‌వైలర్ అను శాస్త్రజ్ఞునితో కలసి 1987లో ఇంకొక విషయమును ప్రకటించెను. కప్పలను పట్టు పెద్ద గబ్బిలజాతి యొకటి కప్ప కదలిన చప్పుడును బట్టియే దానిని పట్టును. కదలక కూర్చున్న కప్ప ప్రక్కనే ఉన్నను పట్టదు. కప్ప సంగతియు ఇట్టిదే. 1959లో అమెరికాలో లెట్విన్ మొదలగువారు కప్ప కంటిని పరిశీలించిరి. ఎదుట కదలు చిన్న నల్లని చుక్కను కప్ప కన్ను వెంటనే పట్టును. కదలని ఆహారము చుట్టును పడియున్నను అది దానికి ఆహారముగా తోచదు. ఇంద్రియము లోకమునంతను తెచ్చి ముందు పెట్టదు. ఆ జీవి బ్రతుకునకు కావలసినంత ఏరి తెచ్చును.

చూపు: తేనెటీగ, శలభము, దేవాంగపిల్లి

వెలుగులో మన కంటికి కనబడునది ఊదా మొదలు ఎరుపు వరకు గల ఒక చిన్న భాగము. తేనెటీగకు ఎరుపు రంగుగా కనబడదు. ఊదాకు అవతలనున్న అతినీల కాంతి కనబడును. మనకు పొద్దుతిరుగుడు రేకులు ఒకే పసుపు. తేనెటీగ కంటికి ఆ రేకుల మొదళ్లు వేరు, కొసలు వేరు. నడుమ ఒక గురి దిద్దినట్లుండును. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను ఆస్ట్రియా పండితుడు నీలపు అట్టపై చక్కెరనీరు ఉంచి, తేనెటీగకు రంగులు తెలియునని చూపెను. అవి నాట్యముచే పూలున్న దిక్కును దూరమును తోటివానికి తెలుపునని కూడ కనిపెట్టెను. 1973లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించినది.

ఏనుగు స్పర్శచేతను, చేప రుచిచేతను, తుమ్మెద వాసనచేతను, శలభము చూపుచేతను, లేడి నాదముచేతను చెడునని పెద్దలు చెప్పుదురు. ఒక్కొక్క ఇంద్రియమునకు లొంగినవాని గతి అట్లుండగా ఐదింటికి లొంగిన మనుష్యుని గతి ఏమని వారి ప్రశ్న. నీతి నీతియే. కాని శలభము దీపమును మోహించి చచ్చుచున్నదా? 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో, దీపముచుట్టు తిరుగు పురుగులను వేగముగల కెమెరాలతో చిత్రించి చూచిరి. అనాదిగా పురుగునకు రాత్రివేళ కూడ నేలకన్న ఆకాశమే వెలుగుగా నుండును. కావున అది తన వీపును వెలుగువైపు త్రిప్పుకొని ఎగురుటకు అలవాటుపడినది. దీపము వెలిగించినచో అదే ఆకాశమని భ్రమించి, వీపును దానివైపు వంచి, సరిగా ఎగురలేక దానిచుట్టునే చిక్కుకొనును. తప్పు శలభముది కాదు. దాని లెక్కలో లేని ఆకాశమును మనము నట్టింట వెలిగించితిమి. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగింపవలెనను నియమమునకు ఇంతకన్న సాక్ష్యమేల?

దిండిగల్ వారికి ఇంకొక ప్రాణి దగ్గరి చుట్టము. దానిని తమిళులు తేవాంగు అందురు, తెలుగువారు దేవాంగపిల్లి అందురు. అయ్యలూరు మొదలగు అడవులలో చెట్లపై రాత్రివేళ మెల్లగా ప్రాకుచు పురుగులను తినును. శరీరము పిడికెడు, కన్నులు మాత్రము మిక్కిలి పెద్దవి. కంటి వెనుక వెలుగును మరల త్రిప్పికొట్టు పొర యొకటి యుండుటచే, కొద్దిపాటి వెలుగును రెండుమార్లు వాడుకొనును. రాత్రి దీపము వేసినపుడు దాని కన్నులు నిప్పుకణములవలె మెరయుట ఇందుచేతనే. ఆ కన్నులే దానికి శత్రువులైనవి. వానిలో మందుగుణము, మంత్రశక్తి ఉన్నవని నమ్మినవారు దానిని పట్టి చంపిరి. తమిళనాడు ప్రభుత్వము 2022 అక్టోబరులో కరూరు, దిండిగల్ జిల్లాలలోని 11,806 హెక్టార్ల అడవిని కడవూరు దేవాంగపిల్లి శరణాలయముగా ప్రకటించినది. దేశములో ఈ ప్రాణికై ఏర్పడిన మొదటి శరణాలయమిది. చీకటిలో చూచుటకు పొందిన కన్నులు మనుష్యుని అజ్ఞానమను చీకటిలో దాని ప్రాణమునకే ముప్పు తెచ్చినవి.

వాసన, రుచి, స్పర్శ

జర్మన్ పండితుడు యాకోబ్ ఫాన్ ఊక్స్‌క్యుల్ ప్రతి జీవికి దాని ఇంద్రియములు కల్పించు ప్రత్యేక లోకము కలదని చెప్పెను. ఆయన చూపిన ఉదాహరణము పిడుదు, అనగా పశువులను పట్టు గోమారి. ఆయన పరిశీలించిన జాతికి కన్నులు లేవు. అది పొదపై వేచియుండును. క్రిందుగా పోవు పశువు చెమటవాసన తగిలినంతనే పడును. వేడిమిచే ఒడలు తెలియును. తడవి వెంట్రుకలు లేని చోటు వెదకికొనును. వాసన, వేడి, స్పర్శ – దాని లోకమునకు ఈ మూడే దూలములు. ఇంత పెద్ద అడవిలో పూలు, పక్షులు, వెన్నెల – ఏవియు దానికి లేవు. పేనును, నల్లిని త్రీంద్రియములని చెప్పిన పెద్దల చూపు ఎంత నిశితమో ఇచ్చట తెలియుచున్నది.

వానపాము సంగతి చార్లెస్ డార్విన్ 1881లో వ్రాసెను. కుండీలలోని వానపాముల దగ్గర ఈల వేసిరి, కేకలు పెట్టిరి, పియానో వాయించిరి, అవి చలింపలేదు. కుండీని పియానోపై నుంచి ఒక స్వరము మీటినంతనే చెక్కలోని కంపనము తాకి అవి బొరియలలో దూరినవి. వాని వినికిడియంతయు స్పర్శయే.

పిల్లికి తీపి తెలియదు. తీపిని గుర్తించు అవయవమునకు కావలసిన బీజములలో ఒకటి దానియందు చెడిపోయినదని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థవారు 2005లో కనుగొనిరి. ఇంటిలో పాయసపు గిన్నె నాకు పిల్లి పాలను, నేతిని కోరునే గాని బెల్లమును కాదు. పామును నిఘంటువులు చక్షుశ్రవమనును, అనగా కంటితో వినునది. దానికి వెలుపలి చెవి లేదు. ఐనను లోపలి చెవి కలదు. నేలలోని కంపనములు దవడఎముక ద్వారా దానికి చేరును; గాలిలోని మంద్రధ్వనులును కొంత తెలియును. పాములవాని నాగస్వరమునకు అది ఆడుట సంగీతముచే కాదు, ఎదుట ఊగు బూరను కనిపెట్టుటచే. కంటికిని ముక్కునకును నడుమ చిన్నగుంట గల పింజరి జాతులు ఆ గుంటతో ఎలుక ఒంటివేడిని చీకటిలో దూరమునుండియే తెలిసికొనును.

చెట్టు మాట మరువరాదు. అత్తిపత్తి ఆకు చేయి తాకగానే ముడుచుకొనుట పిల్లలందరు చూచినదే. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ సున్నితమైన యంత్రములతో మొక్కలు తాకిడికి, వేడికి, మందులకు స్పందించు తీరును కొలిచి చూపెను. 1917లో తన పేరిట పరిశోధనాలయమును స్థాపించెను. చెట్టునకు మనకున్నట్టి నొప్పి కలదని శాస్త్రము తేల్చలేదు. తాకిడి దానికి తెలియునను మాట మాత్రము నిలిచినది.

లెక్కలో తేడా వచ్చినపుడు

ఇచ్చట చదువుకొన్న యువకుడు ఒక ప్రశ్న వేయును. చీమ త్రీంద్రియము, దానికి చూపు లేదని గ్రంథములు చెప్పుచున్నవి. భూతద్దముతో చూచినచో పెక్కు చీమలకు కన్నులు కనబడుచున్నవి గదా? దోమ చతురింద్రియము, దానికి వినికిడి లేదందురు. మగదోమ ఆడదోమ రెక్కల మ్రోతను తన మీసములతో గ్రహించునని నేటి శాస్త్రము చెప్పుచున్నది గదా? ఈ ప్రశ్నను గద్దించి అణచుట తగదు. ప్రశ్న న్యాయమైనదే.

దీనికి రెండు తొందరపాటు సమాధానములు కలవు. గ్రంథమంతయు తప్పని ఒకటి. భూతద్దము అబద్ధమని ఒకటి. రెండును విడువదగినవే. కొన్ని చీమజాతులలో పనిచీమలకు నిజముగానే కన్నులు లేవు. పెక్కింటికి కలవు, కాని వాని బ్రతుకు ప్రధానముగా వాసనపై నడచును. దోమకు మనవంటి చెవి లేదు. మీసపు కంపనము స్పర్శయా, వినికిడియా అనునది పేరు పెట్టు తీరును బట్టియుండును. మరియు జైనశాస్త్రమే ద్రవ్యేంద్రియము వేరు, భావేంద్రియము వేరు అని చెప్పుచున్నది. మొదటిది కనబడు అవయవము. రెండవది తెలియు శక్తి, ఆ శక్తిని వినియోగించుట. ఇంత చెప్పినను కొన్ని చోట్ల లెక్క కుదరదు. కుదరనిచోట కుదిరినదని చెప్పుట సత్యవ్రతము కాదు.

వర్తకులకు తెలిసిన మాటతో దీనిని తేల్చవచ్చును. తాతగారి చిట్టాలో ఒకరికి ఈయవలసినది మూడు రూపాయలని వ్రాసియున్నది. తరువాత దొరికిన కాగితమును బట్టి అది నాలుగని తేలినది. అపుడు మంచి వర్తకుడు చిట్టాను తగులబెట్టడు, కాగితమును చింపడు. పద్దు దిద్ది నాలుగు చెల్లించును. చీమకు మరియొక ఇంద్రియమున్నదని తేలినచో మన బాకీ పెరిగినదే గాని తగ్గలేదు. ఆ పద్దు వ్రాసిన పెద్దల ఉద్దేశము ఇంద్రియములు తక్కువగలవానిని చంపుటకు అనుమతి ఈయుట కాదు. కంటికానని జీవియు ఋణదాతయే యని గుర్తుచేయుట.

మనస్సు, పరోక్షజ్ఞానము

పై లెక్కలన్నిటిలో ఒక్క ఇంద్రియమునందైన మనుష్యుడు అందరికన్న మిన్న కాడు. మరి అతని అధికారమేది? మనస్సు. కొన్ని జంతువులకును మనస్సు కలదని శాస్త్రమే చెప్పుచున్నది. ఐనను దానిని మెరుగుపెట్టుకొను అవకాశము మనుష్యునకు అధికము. దిండిగల్ తాళములకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి తాళము చేయు పనివాడు లోపలి పలకల అమరికను వ్రేలికొసతో తెలిసికొనును. చిన్నాళపట్టి చీరల బేరగాడు బట్టను బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ నలిపి నూలు సంగతి చెప్పును. నిలక్కోట మల్లెల వ్యాపారి పూవు ఎప్పుడు కోసినదో వాసనచే పోల్చును. వ్రేలు అందరిదియు ఒక్కటే, శిక్షణ వేరు.

ఇంద్రియజ్ఞానము నాలుగు మెట్లలో పండునని తత్త్వార్థసూత్రము. రాత్రి గిడ్డంగిలో ఏదో చప్పుడైనది: ఇది అవగ్రహము. ఎలుకయా, పిల్లియా అని విచారించుట ఈహ. ఎలుకయే యని నిశ్చయించుట అవాయము. దానిని మరువక నిలుపుట ధారణ. తక్కిన నాలుగు ఇంద్రియములు వస్తువు తాకినగాని తెలిసికొనలేవు. కన్ను, మనస్సు తాకకయే తెలిసికొనును. దీనికి పూజ్యపాదాచార్యులు చూపిన యుక్తి యొకటి ఇల్లాండ్రకును తెలియును: కంటికి అంటియున్న కాటుక కంటికి కనబడదు. వెలుగు వస్తువునుండి కంటికి వచ్చుటచే చూపు కలుగునని పదునొకండవ శతాబ్దిలో అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైథమ్ వివరించెను. కన్ను వెడలి వస్తువును పట్టదను మాట ఇద్దరికిని సమ్మతమే.

అన్నిటికన్న గొప్ప మాట ఇంకొకటి. లోకములో పలువురు కంటితో చూచినదానిని ప్రత్యక్షమందురు. ఉమాస్వామి మాత్రము ఇంద్రియములచే కలుగు జ్ఞానమును పరోక్షములో చేర్చెను. ఆత్మ తనంత తాను తెలిసికొనునదే ప్రత్యక్షము. ఇంద్రియములు నడుమనున్న దలారులు. దలారి చెప్పిన ధర అంగడి ధరయంతయు కాదని వర్తకునికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటిలో, అంగడిలో

ఈ చదువు ఆచరణకు రాకున్న ప్రయోజనమేమి? దీపావళి మహావీర నిర్వాణదినము. ఆ రాత్రి టపాకాయ మ్రోత మనకు ఒక క్షణపు వేడుక. మనకన్న రెండింతలకు పైగా హెచ్చుధ్వని వినగల కుక్కకు అది దాగుటకు చోటు దొరకని భయము. శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షిశరణాలయము ప్రక్కనున్న కొల్లుకుడిపట్టి గ్రామస్థులు పక్షులు బెదరునని ఎన్నో ఏండ్లుగా దీపావళికి టపాకాయలు కాల్చుటలేదు. వారు జైనులు కారు. జైనులకు ఆ గ్రామము పాఠము చెప్పుచున్నది.

రెండవది గిడ్డంగి. ధాన్యము, బట్ట నిలువచేయువారికి ఎలుకల బెడద నిజమైనదే. అందులకు జిగురు పూసిన అట్టలు అంగళ్లలో అమ్ముదురు. వానిపై చిక్కిన ఎలుక వెంటనే చావదు. గంటల తరబడి పెనుగులాడి, ఆకలిచే దప్పిచే చచ్చును. ఉదయము తలుపు తీసినవాడు "రాత్రి ఏ అరుపును వినబడలేదు" అనుకొనును. భయపడిన, బాధపడిన ఎలుకలు సెకనుకు 22,000 కంపనముల ప్రాంతమున కేకవేయునని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మనుష్యుని చెవి 20,000తో ఆగిపోవును. ఆ నిశ్శబ్దము ఎలుకది కాదు, మన చెవిది. నేలకు, గోడకు నెఱ్ఱెలు పూడ్చుట, బస్తాలను బల్లలపై పేర్చుట, గింజలు చిందకుండ ఊడ్చుట, ప్రాణము తీయని బోనున పట్టి దూరమున విడుచుట – ఇవి శ్రమతో కూడినవే. కాని ప్రమాదము, అనగా అజాగ్రత్త, హింసకు మూలమని చెప్పిన ధర్మమునకు ఆ శ్రమయే అనువదింపబడిన రూపము.

మూడవది దీపము. అవసరమున్నచోట మాత్రమే, అవసరమున్నంతసేపు మాత్రమే, వెలుగును నేలవైపునకు మరల్చి ఉంచినచో, ఎన్నో శలభములకు వాని ఆకాశము వానికే మిగులును.

సాయంకాలమైనది. ఆ వర్తకుని ఇంట ప్రొద్దు క్రుంకకముందే భోజనములు ముగిసినవి. ఉదయపు ముగ్గులో పిండి చాలవరకు చీమలు మోసికొనిపోయినవి. చిన్నపిల్ల చెప్పిన తామరపువ్వు సగము చెరిగినది. పిల్ల చిన్నబుచ్చుకొన్నచో తల్లి చెప్పవలసిన మాట ఒకటి కలదు: "నీకు పువ్వు పెట్టితిని, చీమకు అన్నము పెట్టితిని, రెండును ఒక్క పిండియే." చూరునుండి గబ్బిలము బయలుదేరినది. అది వేయు కేక ఆ ఇంట ఎవ్వరికిని వినబడదు. వినబడదని తెలిసియుండుటయే జీవదయకు మొదటి మెట్టు.